పోస్టు తాత భుజం

లెక్కల పీరియడు సగంలో ఉంది. బోర్డు మీద భిన్నాలు ఉన్నాయి. అమ్మడి తల మెల్లగా ముందుకు వాలింది, లేచింది, మళ్లీ వాలింది. మూడోసారి నుదురు పోయి బల్లకు టక్కున తగిలింది.

తరగతి గొల్లుమంది.

"కునుకొచ్చింది, కునుకొచ్చింది" అంది పక్క వరసలోంచి రెండు జడల పిల్ల.

ఆ పిల్లే ఈ పేరు పెట్టింది. నెల రోజులుగా బడిలో అమ్మడిని ఎవరూ అసలు పేరుతో పిలవడం లేదు. కునుకూ, నీ నోట్సు ఇవ్వు. కునుకూ, ఆడుకోవడానికి వస్తావా, పడుకుంటావా. ఇదే వరస.

టీచర్ నవ్వలేదు. దగ్గరికొచ్చి నుదురు చూశారు. కొంచెం ఎర్రబడింది, అంతే.

"రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?"

"తొమ్మిదింటికి టీచర్."

"మరి?"

"పడుకున్నాను గానీ నిద్ర రాలేదు టీచర్."

మళ్లీ నవ్వులు. టీచర్ వెనక్కి తిరిగి ఒక్క చూపు చూసేసరికి నోళ్లు మూతపడ్డాయి. డైరీలో రెండు వాక్యాలు రాసి అమ్మడి చేతికిచ్చారు.

"మీ అమ్మకు చూపించు. తిట్టమని రాయలేదులే. పిల్లకు నిద్ర చాలడం లేదని రాశాను."

అమ్మడు డైరీ సంచిలో పెట్టుకుంది. నిద్ర పట్టకపోవడం ఒక కష్టం. దానికి పదిమంది నవ్వడం ఇంకో కష్టం. రెండోదే ఎక్కువ బాధగా ఉంది.

* * *

అమ్మడు వాళ్ల అమ్మ దర్జీ. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. అందులో ఒక కుట్టుమిషను, ఒక పొడుగాటి బల్ల, గోడ నిండా మేకులు, మేకులకు బట్టలు. బజార్లో కొన్న బట్టలు అందరికీ సరిపోవు. ఒకరికి పొట్ట ముందుకుంటుంది, ఇంకొకరికి చేతులు మోకాళ్ల దాకా ఉంటాయి. అలాంటి వాళ్లంతా అమ్మను వెతుక్కుంటూ వస్తారు.

ఆ సాయంత్రం పిన్ని కూడా వచ్చింది. పిన్నికి మంచాలు, సోఫాలు అమ్మే షోరూంలో ఉద్యోగం. అమ్మ డైరీ చదివి, మిషను ఆపి, పిన్ని చేతికిచ్చింది.

"చూడు. బళ్లో కునికిపాట్లు పడుతోందట."

"డాక్టరుకు చూపించావా అక్కా?"

"పోయిన నెలే చూపించాను. ఒంట్లో ఏమీ లేదు, పెందలాడే పడుకోబెట్టండి, ఫోను ఇవ్వకండి అన్నాడు. ఫోనెక్కడిదీ? నాదే అద్దం పగిలి మూలన పడుంది."

"అయితే గది చూడాల్సిందే" అంది పిన్ని, నాడి చూసే డాక్టరులా. "షోరూంలో మాకు రెండు రోజులు క్లాసు చెప్పారు. ఫెంగ్ షుయ్ అని, చైనా వాళ్ల పద్ధతి. ఇంట్లో ఏ సామాను ఎటు ఉండాలో చెబుతారు. మంచం కొనడానికి వచ్చిన వాళ్లంతా అదే అడుగుతున్నారు."

"మంచాలమ్మే కబుర్లు నా దగ్గర చెప్పకే."

"నీకేం అమ్మడం లేదుగా. ఊరికే చూస్తాను. ఊరికే వచ్చేది కూడా వద్దంటావా?"

గది చిన్నది. పిన్ని చెప్పులు విప్పి, అమ్మడు ఎలా పడుకుంటుందో అలాగే మంచం మీద వెల్లకిలా పడుకుంది. మంచం పొట్టిది, పిన్ని పొడుగు. పాదాలు మంచం దాటి బయటికి వచ్చాయి. అమ్మడికి నవ్వొచ్చింది.

"నవ్వకు. ఇదిగో, కాళ్లు తలుపు వైపున్నాయి. తలుపు కదిలినప్పుడల్లా ఎవరో వస్తున్నట్టుంటుంది. పక్కనే అద్దం. ఎదురుగా మందుల షాపు బోర్డు లైటు ఆ అద్దంలో పడి నేరుగా కళ్లలోకి కొడుతోంది. మంచం కింద చూస్తే ఊపిరాడకుండా సామాను." పిన్ని తల పైకెత్తింది. "నెత్తిమీద ఈ అర ఒకటి."

అది గోడకు కొట్టిన చెక్క అర. దాని మీద ఇసుక వేస్తే రాలనంత సామాను. సగం పుస్తకాలు, సగం డబ్బాలు, ఒక ఆగిపోయిన అలారం గడియారం, ఒక గిన్నె మూత, ఒక రబ్బరు బంతి, ఇంకా ఏవేవో.

"ఇవన్నీ నీవేనా?" అంది పిన్ని.

"ఊ" అంది అమ్మడు. ఆ ఊ సగం గొంతులోనే ఉండిపోయింది.

"ఇల్లంతా గాలిలా ఒక శక్తి తిరుగుతూ ఉంటుందంటారు వాళ్లు. దానికి దారి వదలాలట. మూలమూలనా కుక్కితే ఆగిపోతుందట."

"శక్తి సంగతి నాకు తెలీదు గానీ, ఈ గదిలో చీపురుకే దారి లేదు" అంది అమ్మ.

"నేను చెప్పేదీ అదే అక్కా. అక్కర్లేనిది కళ్లముందు ఉండకూడదు. వస్తువులు ఊరుకోవు. నన్ను బాగుచెయ్యి అని ఒకటి, నన్ను సర్దు అని ఒకటి, అడుగుతూనే ఉంటాయి. వాటిని తీసేస్తే గది నోరు మూసుకుంటుంది. అప్పుడు పిల్ల కళ్లు మూసుకుంటుంది."

అమ్మ ఈసారి తల ఊపింది. "ఆదివారం అందరం కలిసి సర్దుదాంలే. ఈలోపల నాకు తీరదు. పోస్టు బాబాయ్ గారి కోటు మొదలుపెట్టాలి" అంది.

రాత్రి నాన్న డ్యూటీ నుంచి వచ్చాక మంచం తిప్పారు. నాన్న బస్సు డ్రైవరు. మంచాన్ని కూడా బస్సును తిప్పినట్టే తిప్పాడు. "రానీ, రానీ, ఇంకొంచెం, ఆపు" అని తనకు తనే చెప్పుకున్నాడు. అద్దం తీసుకుపోయి ముందుగదిలో, కొలతలిచ్చే చోట తగిలించారు.

ఆ రాత్రి కళ్లలో లైటు పడలేదు. అమ్మడికి కాసేపు కునుకు పట్టింది కూడా. కానీ మధ్యలో మెలకువ వచ్చింది. మంచం అటు తిప్పేసరికి, ఇంతకుముందు నెత్తిమీద ఉన్న అర ఇప్పుడు సరిగ్గా ఎదురుగా ఉంది. అర మీద ముందు వరసలో స్కెచ్ పెన్నుల డబ్బా ఉంది. అమ్మడు గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్లీ నిద్ర రాలేదు.

మంచం కింద సామానే అయ్యుంటుంది అనుకుంది.

* * *

శనివారం బడి లేదు. అమ్మ కోటుకు లైనింగ్ గుడ్డ, గుండీలు తేవడానికి బజారుకు వెళ్లింది. నాన్న బస్సు మీద ఉన్నాడు. "ఏదైనా కావాలంటే మేడమీద ఆంటీని పిలువు" అని చెప్పి వెళ్లింది అమ్మ.

అమ్మడు నడుం బిగించింది. రేపటిదాకా ఎందుకు, ఈ రాత్రే హాయిగా పడుకోవచ్చు కదా.

మొదట అర దగ్గర నిలబడింది. స్కెచ్ పెన్నుల డబ్బా తీసింది. చూసింది. ఇది తర్వాత, అనుకుని అక్కడే పెట్టేసింది. కింద ఉన్న లైబ్రరీ పుస్తకం తీసింది. ఇదీ తర్వాతే. ఆగిపోయిన గడియారం మళ్లీ నడవచ్చు. బంతి అవసరం. మూత కూడా దేనికో ఒకదానికి పనికొస్తుంది. పావుగంట గడిచింది. అర మీద సామాను అటుది ఇటు, ఇటుది అటు అయింది గానీ ఒక్కటీ కిందికి దిగలేదు.

అప్పుడు మంచం కిందికి దూరింది. అక్కడ పని చకచకా సాగింది. అక్కడున్నవి ఏవీ తనవి కావు మరి. నాన్న పాత బూట్లు, పుల్లలు విరిగిన గొడుగు, హ్యాండిల్ లేని బకెట్టు. చివరన గోడవారగా ఒక పెద్ద కాగితాల చుట్ట, గుడ్డపీలికతో కట్టి ఉంది. లాగితే దుమ్ము లేచింది.

విప్పి చూసింది. ఖాకీ రంగు దళసరి కాగితాలు. వంకరటింకరగా కత్తిరించి ఉన్నాయి. వాటి నిండా గీతలు, మాసికలు, సూది బెజ్జాలు. ఒక్కో కాగితం మూలన ఒక్కో పిచ్చి బొమ్మ. ఒకదాని మీద గరిటె, ఒకదాని మీద గంట, ఇంకోదాని మీద ఉత్తరం కవరు.

తను పసిపిల్లగా ఉన్నప్పుడు గీసి, కత్తిరించి పాడుచేసిన కాగితాలు కాబోలు. అమ్మ పారేయలేక దాచి ఉంటుంది. పారేయడం అమ్మకూ చేతకాదన్నమాట, అనుకుంది అమ్మడు.

వీధిలో పాత సామాన్ల బండి గంట వినిపించింది. ఆ బండి ఒకావిడ తోస్తూ వస్తుంది. అమ్మడు అన్నీ గడప దగ్గరికి లాక్కొచ్చింది.

"పెద్దవాళ్లు లేరా ఇంట్లో?" అంది బండావిడ.

"మా అమ్మే సర్దమంది."

అమ్మ సర్దమన్నది ఆదివారం. అదీ అందరూ కలిసి. ఇవాళ శనివారం, ఇక్కడ ఉన్నది తనొక్కతే. ఆ మాట మాత్రం అమ్మడు చెప్పలేదు.

బండావిడ అన్నీ బండిలో వేసుకుని, బదులుగా ఒక నీలం రంగు ప్లాస్టిక్ మగ్గు ఇచ్చింది. అమ్మడు మంచం కింద తుడిచింది. నేల కనిపించింది. పడుకుని చూస్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఖాళీ. ఎంతో గొప్పగా అనిపించింది.

అమ్మ మధ్యాహ్నానికి వచ్చింది. మొదట మగ్గు కంటపడింది.

"ఇదెక్కడిదే?"

"చూద్దువుగాని రా" అని అమ్మడు చెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లింది.

అమ్మ గది చూసి మురిసింది. "అబ్బో, ఒక్కదానివే చేశావా" అని తల నిమిరింది. నిమురుతూనే మోకాళ్ల మీద కూర్చుంది. "ఆ కట్ట ఇలా తియ్యి. కోటు కత్తిరించాలి."

"ఏ కట్ట?"

"కాగితాల కట్టే."

అమ్మడు మగ్గు వైపు చూసింది. అమ్మ కూడా మగ్గు వైపు చూసింది.

"అవి చిత్తు కాగితాలు కదమ్మా. నా చిన్నప్పటి బొమ్మలు."

అమ్మ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు.

"అవి నావి అమ్మడూ. పన్నెండేళ్ల నుంచి చేసుకున్నవి."

ఒక్కో కాగితం ఒక్కో మనిషి కొలత. వాళ్లు గుడ్డ తెచ్చినప్పుడు ఆ కాగితం గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి కత్తిరిస్తే చాలు, బట్ట ఒంటికి అతికినట్టుంటుంది. గరిటె బొమ్మ హాస్టల్ వంటాయనది. గంట బొమ్మ బడి అటెండరుది. కవరు బొమ్మ, అమ్మ పోస్టు బాబాయ్ గారనే పోస్టు తాతది. పేరు రాస్తే చదువుకోవాలి, బొమ్మయితే చూడగానే తెలుస్తుందని అమ్మ అలా గీసుకుంది.

"లే" అంది అమ్మ. "ఇంకా దూరం పోయి ఉండదు."

అమ్మడు పోతూ పోతూ మగ్గు తీసుకుంది.

* * *

పాత సామాన్ల కొట్టు రెండు వీధుల అవతల ఉంది. బండావిడ సీసాల పెట్టెల మధ్య కూర్చుని భోజనం చేస్తోంది. సంగతి విని చెయ్యి కడిగేసుకుంది.

"అయ్యో, దళసరిగా బాగున్నాయని సీసాలు పగలకుండా మధ్యలో చుట్టానమ్మా. ఒక పెట్టె ఇందాకే లారీలో పోయింది." అమ్మడి వైపు తిరిగింది. "మీ అమ్మే సర్దమందన్నావు కదే?"

అమ్మడు తల వంచుకుంది. మగ్గు ఆవిడ పక్కన పెట్టేసింది.

ముగ్గురూ కూర్చుని ఒక్కో సీసా తీసి, ఒక్కో కాగితం విప్పారు. నలిగి ఉండలైనవి, మూలలు చిరిగినవి, ఒకటి మందు వాసన వేసేది. మళ్లీ కట్ట కట్టుకుని తల్లీకూతుళ్లు ఇంటికి వచ్చారు. అమ్మ ఇస్త్రీ పెట్టె గోరువెచ్చగా పెట్టి, బల్ల మీద కాగితాలకు ఇస్త్రీ చేసింది. కాగితాలకు ఇస్త్రీ చేయడం అమ్మడు ఎప్పుడూ చూడలేదు. ముడతలు పోయి బొమ్మలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. గరిటె వచ్చింది. గంట వచ్చింది. రంగులేసే ఆయన నిచ్చెన వచ్చింది. ఆఖరి కాగితం దాకా చూశారు.

కవరు రాలేదు.

"పోస్టు తాతను మళ్లీ కొలిస్తే సరిపోదా అమ్మా?"

అమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. సంచి మోసీ మోసీ అలా అయింది. ఇదివరకు ఒక పెద్ద కొట్లో కొలతలివ్వడానికి వెళితే, అక్కడ వాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారట. మళ్లీ ఏ కొట్టూ ఎక్కలేదు. వదులు చొక్కాలు తొడుక్కుని తిరిగేవాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు తలుపు మూసి కొలిచాను. నాలుగుసార్లు విప్పి కుట్టాను. కుదిరాక, ఇంకెప్పుడూ మీ భుజం మీద టేపు పెట్టను బాబాయ్ గారూ అని మాటిచ్చాను."

అమ్మడు చేతిలోని గరిటె కాగితం బల్ల మీద పెట్టేసింది.

"బుధవారం ఆయన ఉద్యోగం ఆఖరి రోజు. ఆఫీసులో అందరూ ఫొటో దిగుతారట. ఈ సాయంత్రం కత్తిరిస్తేనే రేపు ట్రయల్ వేయగలను, అప్పటికి కోటు ఇవ్వగలను. జీవితంలో మొదటి కోటు." అమ్మ లేచి కొంగు సర్దుకుంది. "పద. ఎలాగో ఒకలా ఆయనకు చెప్పాలి."

అమ్మడు నుదురు తడుముకుంది. బల్లకు తగిలిన చోట ఇప్పుడు నొప్పి లేదు. కానీ ఆ నవ్వులు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. పెద్దవాళ్లను చూసి కూడా నవ్వుతారని అమ్మడికి ఇవాళే తెలిసింది.

"నేను చెబుతానమ్మా."

"నువ్వెందుకు, నేను చెబుతాలే."

"పారేసింది నేనుగా."

పోస్టు తాత పాల బూత్ పక్క మెట్ల మీద కూర్చుని ఉత్తరాలు వరస పెట్టుకుంటున్నాడు. అమ్మ మూల మలుపులోనే ఆగిపోయింది. అమ్మడు ఒక్కతే వెళ్లి ఎదురుగా నిలబడింది. దారిలో ఎన్నో మాటలు అనుకుంది. ఒక్కటీ గుర్తు రాలేదు.

"తాతా, మీ భుజం నేను పారేశాను."

పోస్టు తాత ఎడమ భుజం వైపు చూసుకున్నాడు. తర్వాత కుడి వైపు చూసుకున్నాడు.

"రెండూ ఉన్నట్టే ఉన్నాయే."

అమ్మడు నవ్వలేదు. కళ్లల్లో నీళ్లు తిరుగుతుండగా, మంచం కింద దూరిన దగ్గర నుంచి ఇస్త్రీ పెట్టె దాకా మొత్తం చెప్పింది. అమ్మ సర్దమందని బండావిడతో అబద్ధం చెప్పిన సంగతి కూడా దాచలేదు.

పోస్టు తాత చేతిలోని ఉత్తరాలను మోకాలి మీద రెండుసార్లు తట్టి అంచులు సమం చేశాడు.

"అయితే మళ్లీ కొలవాలంటావు."

"ఊ."

"ఎవరెవరు ఉంటారు?"

"అమ్మ ఒక్కతే తాతా. నేను బయట నిలబడతాను. కొలిచేదాకా ఎవర్నీ లోపలికి రానివ్వను."

ఆయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు.

"నువ్వు బయట నిలబడితే టేపు రెండో కొస ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు.

* * *

సాయంత్రం పోస్టు తాత సంచి ఖాళీ చేసుకుని, ఆ ఖాళీ సంచితోనే వచ్చాడు. అమ్మ తలుపు మూసింది. అమ్మడు టేపు కొస మెడ దగ్గర పట్టుకుంది. అమ్మ చెప్పిన అంకెలు కాగితం మీద వేసింది. దగ్గర్నుంచి చూస్తే ఆ భుజం మీద చొక్కా నున్నగా అరిగి మెరుస్తోంది. అందులో నవ్వడానికేముందో అమ్మడికి అర్థం కాలేదు.

"ఈసారి ఫొటోలో తిన్నగా ఉంటానా అమ్మాయ్?" అన్నాడు తాత అద్దంలోకి చూస్తూ. "ఇప్పటిదాకా దిగిన ఫొటోలన్నిట్లో కింద పడింది ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంటాను."

"తిన్నగానే ఉంటారు. చెయ్యి కొంచెం ఎత్తండి" అంది అమ్మ.

అమ్మడు చాలాసేపటి నుంచి ఒకటి అడగాలనుకుంటోంది.

"తాతా, మీకు రాత్రి నిద్ర పడుతుందా?"

"పడుకోవడమే ఆలస్యం. మా ఆవిడ ఊళ్లో సంగతులన్నీ చెబుతూ ఉంటుంది, సగంలోనే గుర్రు పెడతానట. దానికి పొద్దున్నే తిట్లు."

"ఎలా పడుతుంది?"

"ఎలా అంటే ఏం చెప్పను?" తాత ఆలోచించాడు. "సంచి ఖాళీ చేసుకునే ఇంటికి వెళతాను. ఒకసారి వాన కొడుతోంది. ఒక్క ఉత్తరం మిగిలింది. రేపిద్దాంలే అని ఇంటికి పట్టుకుపోయాను. ఈ వేలంత బరువు కూడా లేదు. రాత్రంతా దొర్లుతూనే ఉన్నాను. నాది కాదుగా మరి. ఇంకొకళ్లది."

"ఇటు తిరగండి బాబాయ్ గారూ" అంది అమ్మ.

తాత తిరిగాడు. అమ్మడు టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అమ్మడూ, అంకె వేశావా?"

"ఆఁ, వేస్తున్నానమ్మా."

* * *

ఆదివారం పొద్దున్నే అమ్మడు అర మీద సామానంతా మంచం మీదికి దించింది. ఈసారి రెండు కుప్పలు పోసింది. తనవి ఒక పక్క, ఇంకొకళ్లవి ఒక పక్క.

తన కుప్పలో మూడు గులకరాళ్లు, రెండు పుస్తకాలు, ఆగిపోయిన గడియారం. అంతే. రెండో కుప్ప మాత్రం దిండు అంత ఎత్తు లేచింది.

చిన్న కాగితం ముక్కలు చింపింది. అమ్మ లాగే ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ గీసి, ఒక్కో వస్తువుకు గుచ్చింది. మెట్ల బొమ్మ మేడమీద ఆంటీది. మంచం బొమ్మ పిన్నిది. కళ్లజోడు బొమ్మ లైబ్రరీ ఆవిడది. అన్నీ బడి సంచిలో వేసుకుని, సంచి కుడి భుజానికి తగిలించుకుంది.

"ఎక్కడికే?" అంది అమ్మ. ఆమె కోటు గుడ్డకు పొడుగాటి తెల్లదారంతో కచ్చా కుట్లు వేస్తోంది.

"ఇచ్చేసి వస్తానమ్మా."

అమ్మ సంచి బరువు చూసి, "ఎండ ముదరకముందే వచ్చెయ్యి" అంది.

మేడమీద ఆంటీ మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "దీనికోసం ఇల్లంతా గాలించానే. ఏడాది నుంచి ఆ గిన్నె మీద పళ్లెం బోర్లిస్తున్నాను." ఎదురింటి పిల్లాడు బంతి చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా లాక్కుని పరిగెత్తాడు. లైబ్రరీ ఆవిడ పుస్తకాన్ని కళ్లజోడులోంచి ఒకసారి, పైనుంచి ఒకసారి చూసింది. "దయచేశావా తల్లీ" అంది, అమ్మడితో కాదు, పుస్తకంతో.

పిన్ని క్లిప్పు తీసుకుని జడకు పెట్టుకుంటూ, "ఇది నీ దగ్గరుందా? షోరూంలో అమ్మాయిని అనుమానించానే నేను" అంది. కాస్త సిగ్గుపడింది కూడా.

మిగతావీ ఎవరివి వాళ్లకు చేరాక, సంచిలో స్కెచ్ పెన్నుల డబ్బా ఒక్కటే మిగిలింది. సంచి తేలికైంది గానీ కాళ్లు బరువెక్కాయి. రెండు జడల పిల్ల ఇంటి ముందు రెండుసార్లు అటూ ఇటూ నడిచి, మూడోసారి తలుపు కొట్టింది.

ఆ పిల్లే తీసింది. ఆదివారం కాబట్టి జడలు లేవు, జుట్టంతా విరబోసుకుని ఉంది.

"కునుకూ? నువ్వేంటి ఇక్కడ?"

అమ్మడు డబ్బా చాచింది. "నువ్వు రెండు రోజులకని ఇచ్చావు. ఆకుపచ్చదానికి మూత పెట్టడం మర్చిపోయాను. ఎండిపోయింది. నువ్వేమంటావో అని ఇవ్వలేదు."

ఆ పిల్ల డబ్బా తెరిచి, ఆకుపచ్చ పెన్ను తీసి అరచేతి మీద గీసింది. ఏమీ పడలేదు. గట్టిగా నొక్కి గీసింది. ఊహూఁ.

"నేను పారేసుకున్నానని మా అమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో తెలుసా? మళ్లీ కొననంది."

"తెలీదు."

"తెలీదంట." ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "ఎవరికిచ్చావంటే గుర్తులేదన్నాను. నీ పేరు చెప్పలేదు నేను."

ఇది అమ్మడు అనుకోలేదు. ఖాళీ సంచి భుజానికి సర్దుకుని అంది, "మీ అమ్మ ఉందా? నేనే చెబుతాను."

లోపలికి వెళ్లి చెప్పింది. రెండు మాటలు పడింది కూడా. బయటికి వస్తుంటే ఆ పిల్ల గుమ్మం దాకా వచ్చింది.

"రేపు క్లాసులో కునికావంటే మోచేత్తో పొడుస్తా. తల బల్లకు కొట్టుకోకముందే పొడుస్తా. ముందే చెబుతున్నా."

"పొడువు" అంది అమ్మడు.

* * *

సాయంత్రం పోస్టు తాత ట్రయల్ కు వచ్చాడు. కోటుకు ఇంకా ఒక్క చెయ్యే ఉంది. ఒంటినిండా తెల్లదారం కుట్లు. అయినా తాత తొడుక్కుని అద్దం ముందు నిలబడితే, రెండు భుజాల మీదా గుడ్డ ఒక్క ముడతైనా లేకుండా కూర్చుంది. తాత తనను తాను చాలాసేపు చూసుకున్నాడు.

"ఏమీ వెతుక్కోవడం లేదు" అన్నాడు చివరికి.

అమ్మడు టేపు చుట్టి బల్ల మీద పెట్టింది. కొత్త ఖాకీ కాగితం మీద అమ్మ అప్పుడే కొలత గీసి కత్తిరించి ఉంచింది. దాని మూలన అమ్మడు ఒక కవరు బొమ్మ గీసింది. స్టాంపు కూడా పెట్టింది.

తాత వెళ్లాక అమ్మ కాగితాలన్నీ చుట్టి, గుడ్డపీలిక కట్టి, మంచం దగ్గరికి వచ్చి వంగింది.

"అక్కడొద్దమ్మా" అంది అమ్మడు. "ఇక్కడ పెట్టు."

అమ్మ తలెత్తి చూసింది. అర ఖాళీగా ఉంది. తడిగుడ్డతో తుడిచినట్టుంది, ఇంకా తేమ ఆరలేదు. ఒక చివర మూడు గులకరాళ్లు, రెండు పుస్తకాలు, గడియారం.

"మరి నీ సామాను?"

"ఉన్నది అంతే. ఈ చోటంతా నీకే."

అమ్మ కట్ట విప్పింది. ఇద్దరూ కలిసి ఒక్కో కాగితాన్నీ విడిగా చుట్టి, బొమ్మ బయటికి కనిపించేలా అర మీద వరసగా పేర్చారు.

దీపం తీసేముందు అమ్మడు పడుకుని ఆ వరస చూసింది. ఏవీ తనను ఏమీ అడగడం లేదు. అవి ఎవరివో తనకు తెలుసు, ఎక్కడున్నాయో అమ్మకు తెలుసు. ఎడమ చివర నుంచి చదవడం మొదలుపెట్టింది. కవరు, పోస్టు తాత. గరిటె, వంటాయన. గంట...

అమ్మ దుప్పటి కప్పడానికి వచ్చేసరికి, అమ్మడు గుర్రు పెడుతోంది. నిచ్చెన దాకా కూడా రాలేదు.